ఫుప్పీ పాట, పత్తి పాట



మా ఖాన్‌దాన్‌లో ‘గానా’ చెడ్డ లఫ్జు. ‘గీత్’ మంచి లఫ్జు. రెండింటికీ ఫరక్ ఏంటో ఎవరూ విడమరిచి చెప్పలేదు గానీ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. రేడియోలో వచ్చేది గానా. అబ్బా చెప్పుల చప్పుడు గుమ్మంలో వినపడంగనే దాని గొంతు నొక్కాలి. పెండ్లికి ముందు మాంఝే రోజు ఆడోళ్లంతా ఢోలక్ చుట్టూ గుమిగూడి, స్టీలు చెంచాతో ఢోలక్ చెక్క మీద టకటకా కొడుతూ, వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడేది గీత్. అప్పుడు అదే అబ్బా పక్క కమ్రాలో చాయ్ తాగుతూ ముసిముసిగా నవ్వేవారు.

అట్లా పాడిన ఆడోళ్లను ఎవరూ ఫన్‌కార్ అనలేదు. వంట బాగా చేస్తే ‘చేతిలో లజ్జత్ ఉంది’ అంటారు. కుట్టు బాగా కుడితే పక్క గల్లీ నుంచి బట్టలు తెచ్చిస్తారు. పాట బాగా పాడితే మాత్రం పెండ్లినాడు పిలుస్తారు, తెల్లారి మరిచిపోతారు. మా చిన్న ఫుప్పీ ఎల్లారెడ్డిలో ఇప్పటికి అరవై ఏండ్లుగా పాడుతోంది. ఆమెను గాయని అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆమె కూడా ఆ మాట వింటే తౌబా తౌబా అని చెంపలేసుకుంటది.

మన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంటారు. సినిమా పాటలు అయినయ్, కవ్వాలీలు అయినయ్, నాత్‌లు అయినయ్, ఇంకా వినదగ్గ వాళ్లెవరున్నరు అని. జవాబు కొంచెం లంబా. మాలి దేశం నుంచి మొదలై, మిసిసిపీ మీదుగా ఎల్లారెడ్డికి వస్తుంది. ఓపిక పట్టండి.

పన్నెండేండ్ల కింద మాట. కామారెడ్డిలో పేపర్ పని. పేజీలు పోయేసరికి రాత్రి పదకొండు దాటేది. ఆ తర్వాత రైల్వే స్టేషన్ దిక్కు పోయి చాయ్ తాగడం మా రివాజ్. ఓరోజు రాత్రి మాతో పనిచేసే కుర్రోడు ఫోన్‌లో ఏదో పెట్టిండు. ఒకటే గిటార్, ఒకటే గొంతు, వెనక సొరకాయ బుర్ర మీద దెబ్బ. జుబాన్ నాకు తెలువదు. అయినా ఏదో దర్గా ముందర ఉర్సు రాత్రి వింటున్నట్టే ఉంది. బడాపహాడ్ గుట్ట మీద, తెల్లవారుజామున, మంది పలుచబడ్డంక ఎవరో ఒక ఫకీర్ తనకోసం తాను పాడుకుంటాడు చూడండి, అట్లా. ఎవరిదిరా అని అడిగితే ‘అలీ ఫర్కా టూరే’ అన్నడు.

ఆయన గురించి తెలుసుకున్నకొద్దీ మన ఊరి మనిషే అనిపించిండు. 1939లో పుట్టిండు. మాలిలో నైజర్ నది ఒడ్డున నియాఫుంకే అనే కస్బాలో పెరిగిండు. ఆ అమ్మకు తొమ్మిది మంది కొడుకులు పుట్టి పోతే, బతికిన పదో కొడుకు ఈయన. అందుకని ‘ఫర్కా’, అంటే గాడిద, అని పేరు పెట్టిన్రు. మొండిగా బతకాలని. మన పల్లెల్లో పిల్లలు దక్కకపోతే పెంటయ్య అని పేరు పెట్టడం లేదా, అదే ఖయాల్. పన్నెండేండ్ల వయసుకు తన చేతులతోనే ఒంటి తీగ వాయిద్యం చేసుకున్నడు. తర్వాత గిటార్ పట్టిండు. 1994లో అమెరికా గిటారిస్ట్ రై కూడర్‌తో కలిసి చేసిన ‘టాకింగ్ టింబక్టూ’కు గ్రామీ వచ్చింది. అంత పేరొచ్చినా ఊరు వదలలేదు. తాను ముందు రైతునని, తర్వాతే పాటగాడినని చెప్పుకునేవాడు. 2004లో తన ఊరికే మేయర్ అయిండు. 2006లో ఇంతెఖాల్ చేసిండు. నమాజు చదువుకునే మనిషి, వరి పండించే మనిషి. నిజాంసాగర్ కాలువ కింద నాటు వేసే మన రైతుకు నైజర్ ఒడ్డు రైతు అంత దూరపు చుట్టమేం కాదు.

ఇక్కడ ఓ వింత సంగతుంది. 1960లలో ఈయన అమెరికా నల్లజాతి గాయకుడు జాన్ లీ హూకర్ రికార్డు మొదటిసారి విన్నడు. విని, ఇది మా దిక్కు సంగీతమే గదా, అక్కడికెట్ల పోయింది అనుకున్నడట. ఎట్ల పోయిందో తారీఖ్‌కు తెలుసు. సంకెళ్లతో ఓడలెక్కించి తీసుకపోయిన్రు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పోయినవాళ్లలో ముసల్మాన్లు కూడా చాలామంది ఉన్నరు. వాళ్ల గురించి సిల్వియాన్ దియూఫ్ అనే చరిత్రకారిణి 1998లో పెద్ద కితాబే రాసింది. తన ఉపన్యాసాల్లో ఆమె రెండు రికార్డులు వరుసగా వినిపించేది. ముందు అజాన్. దాని వెంబడే మిసిసిపీలో మట్టికట్టలు పోసే కూలీల ‘హోలర్’, అంటే పని చేస్తూ ఒక్క మనిషి గొంతెత్తి పెట్టే కేక లాంటి పాట. ఒక అక్షరాన్ని పట్టుకుని గొంతును పైకీ కిందికీ వణికించడం రెండింట్లోనూ ఒకే తీరు. పోలిక ఉన్నంత మాత్రాన సబూత్ అయిపోదు. ఆ పాటలో ఇంకా ఎన్నో నదులు కలిసినయ్. కానీ ఆ రెండూ వరుసగా విన్నాక నేను కాసేపు మాట్లాడలేకపోయిన.

బ్లూస్ అంటే అదే. హోలర్లు, పనిపాటలు, చర్చి పాటలు, వీటి నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారైన దర్ద్ పాట. ఎక్కువగా పత్తి చేన్లలో పుట్టింది. దాన్ని వినడం మొదలుపెట్టాలంటే మడ్డీ వాటర్స్ దగ్గర మొదలుపెట్టండి. 1941లో అలన్ లోమాక్స్ అనే పాటల సేకర్త అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ కోసం రికార్డింగ్ మిషన్ మోసుకుంటూ మిసిసిపీలోని స్టోవాల్ అనే పెద్ద కమతానికి పోయిండు. అక్కడ ట్రాక్టర్ నడిపే ఈ జవాన్‌ను గుడిసెలో కూర్చోబెట్టి పాడించుకున్నడు. తన గొంతును రికార్డులో తాను విన్నంకనే, నేను కూడా పాడగలనన్న యకీన్ ఆ మనిషికి కుదిరింది. రెండేండ్లకు షికాగో రైలెక్కిండు. ఆ తర్వాత దునియా మొత్తం ఆయన వెనుక నడిచింది.

ఆ దిక్కు పేద పిల్లలకు చాలామందికి మొదటి వాయిద్యం కూడా ఒంటి తీగే. గోడకు రెండు మేకులు కొట్టి, మధ్యన తీగ బిగించి, కింద సీసా దూర్చి, వేలితో మీటడం. ఈ సంగతి చదివిన రోజు నాకు మా గల్లీ పింజారీ యాదికొచ్చిండు.

నా బచ్‌పన్‌లో చలికాలం ముందర దూదేకేవాళ్లు వచ్చేవాళ్లు. భుజాన పొడుగాటి విల్లు, చేతిలో కొయ్య గుబ్బ. రజాయిలు విప్పి, గడ్డకట్టిన దూదిని కుప్ప పోసి, విల్లు తీగను దానికి ఆనించి గుబ్బతో కొడితే ‘టంయ్ టంయ్’ అని మోగేది. దూది మంచులాగ లేచేది. పని లేనప్పుడు కూడా గల్లీలో ఆ తీగ మోగిస్తూ పోయేవాళ్లు, అదే వాళ్ల పిలుపు. మిసిసిపీ పిల్లగాడి గోడ తీగ, నియాఫుంకే పిల్లగాడి ఒంటి తీగ, మా పింజారీ విల్లు. మూడూ ఒకే జాతి చప్పుడు. రెండు చోట్ల పత్తి కూడా ఉంది.

ఆ పింజారీల ఇంట్లోంచి మనకో షేర్ పుట్టింది. షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1997 దాకా బతికిన బుర్రకథ పితామహుడు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగిండు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బెంగాల్ కరువు ఆయన గొంతులో విన్నవాళ్లు ఇంటికి పోయి అన్నం తినలేకపోయేవారని పెద్దలు చెప్తరు. 1986లో పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’. ఇతరులు తిట్టుగా వాడిన లఫ్జును ఆయన తన జిందగీ మీద తాజ్‌లాగ పెట్టుకున్నడు. మన ఇండ్లల్లో నాజర్ పేరు తెలిసిన పిల్లలు ఎంతమంది ఉన్నరు? మడ్డీ వాటర్స్‌ను వెతుక్కుని వినే పిల్లగాడు నాజర్‌ను కూడా వెతుక్కుని వినాలి. తంబురా మీటుతూ, వేలికున్న అందెలు మోగిస్తూ, నవ్విస్తూ నవ్విస్తూ గుండె కోసే విద్య అది.

మా తెలంగాణకు వస్తే దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడతడు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, తీగలు, అంతే ఆ కిన్నెర. అమెరికా వాళ్ల బాంజో కూడా ఆఫ్రికా బానిసలు సొరకాయ బుర్రతో చేసుకున్న వాయిద్యం నుంచే వచ్చింది. గరీబోడికి దేవుడిచ్చిన తబేలా అంతా సొరపాదు కిందనే ఉన్నట్టుంది. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. సినిమాలో పాడిండు. దేశమంతా చప్పట్లు కొట్టింది. 2024 మే నెలలో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో బిల్డింగ్ పని దగ్గర కూలి చేస్తున్నడని పేపర్లల్ల వచ్చింది. నేనూ పేపర్‌వాన్నే. అసుంటి ఖబర్ ఒక దినం నడుస్తది, తెల్లారి వేరే ఖబర్ వస్తది.

దీనికి ఉల్టా కథ మిసిసిపీ జాన్ హర్ట్‌ది. 1928లో కొన్ని పాటలు రికార్డు చేసిన్రు. అవి అమ్ముడుపోలేదు. ఆయన అవలాన్ అనే తన ఊరికి పోయి, ముప్పై అయిదేండ్లు చేన్లల్ల పని చేసుకుంట, పశువులు కాసుకుంట ఉండిపోయిండు. 1963లో పాత రికార్డులో ఊరి పేరు విని, మ్యాపులో వెతుక్కుంట వచ్చి ఆయన తలుపు కొట్టిన్రు కొందరు కుర్రోళ్లు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటినయ్. తర్వాత బతికింది మూడేండ్లే. ఆ మూడేండ్లల్ల పాడినవే ఇప్పుడు మనం వినేవి ఎక్కువ. ఆయన గొంతులో కోపం లేదు, తొందర లేదు. రాత్రి పూట పిల్లల్ని పండబెట్టే తాతలాగ పాడతడు. బ్లూస్ అంటే ఏడుపే అనుకునేవాళ్లు ముందు ఈయన్ని వినాలి.

నన్ను ఎల్లారెడ్డికి తిరిగి తోలింది మాత్రం ఎలిజబెత్ కాటెన్. ఉత్తర కరోలినాలో పుట్టిన నల్లజాతి ఆమె. ఎడమచేతి వాటం, అందుకని గిటార్‌ను తలకిందులు చేసి పట్టుకునేది. చిన్నతనంలోనే ‘ఫ్రైట్ ట్రైన్’ అనే పాట కట్టింది. పెండ్లయింది, బిడ్డ పుట్టింది. చర్చి పెద్దలు ఈ లోకపు పాటలు మానెయ్యమన్నరు. మానేసింది. ఏండ్లకేండ్లు గిటార్ ముట్టలేదు. వాషింగ్టన్‌లో ఒక సంగీతకారుల ఇంట్ల వంటా, ఊడుపూ పనికి కుదిరింది. ఓ రోజు గోడకున్న గిటార్ తీసి వాయిస్తుంటే ఇంటివాళ్లు విన్నరు. జానపద పాటల్ని సేకరించడమే వృత్తిగా పెట్టుకున్న సీగర్ కుటుంబం అది. ఊరూరా పాటలు వెతికే వాళ్లకు తమ వంటింట్లోనే పాట దొరికింది. 1958లో ఆమె మొదటి ఆల్బమ్ వచ్చేసరికి అరవై దాటినయ్. తొంభై దాటినంక గ్రామీ అందుకుంది.

ఇది చదివినాక నాకు నిద్ర పట్టలేదు. మన వంటిండ్లల్ల ఎవరున్నరు అనేదే సవాల్.

నా తాలీమ్ సంగతి చెప్పాలిక్కడ. టెన్త్ దాకా ఉర్దూ మీడియం. మీర్, గాలిబ్, ఇక్బాల్‌ను కంఠస్థం పట్టినం. ఇంట్లో మాట్లాడే దఖ్నీ అక్కడ బయటికొస్తే మాస్టర్ సాబ్ బెత్తం పట్టేవారు, జుబాన్ ఖరాబ్ చేస్తున్నవని. డిగ్రీలో తెలుగు తీసుకున్న. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ సాహిత్యం చదివిన. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు అని క్లాసులో చెప్తుంటే వెనక బెంచీలో కూర్చుని మా ఇంటి చక్కీని యాద్ చేసుకున్న. దాదీ, ఫుప్పీలు జొన్నలు విసురుతూ దఖ్నీలో పాడేవాళ్లు. ముందు బిస్మిల్లా, తర్వాత రసూల్ పేరు, తర్వాత పీర్ల పేర్లు, ఆ తర్వాత కొడుకు బాగుండాలె, బిడ్డ సంసారం చల్లగుండాలె. ఆ పాట ఉర్దూ బడిలో లేదు, అది సరైన ఉర్దూ కాదు గనుక. తెలుగు క్లాసులో లేదు, అది తెలుగు కాదు గనుక. చివరికి దాని ప్రస్తావన నాకు ఒక అమెరికన్ రాసిన కితాబులో దొరికింది. రిచర్డ్ ఈటన్ 1978లో బీజాపూర్ సూఫీల మీద రాసిన పుస్తకంలో ‘చక్కీనామా’లకు చోటిచ్చిండు. దఖ్ఖన్ పల్లెల్లో ఆడవాళ్లు విసురుతూ, వడుకుతూ పాడిన ఈ పాటలే దీన్‌ను ఇండ్లల్లోకి మెల్లగ మోసుకొచ్చినయ్ అంటడు. మదర్సా కంటె ముందు మనకు తిరుగలి రాయి ఉస్తాద్ అన్నమాట.

ఫుప్పీ దగ్గర ఇంకొకటి కూడా ఉంది. బీడీల పాట. కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు బీడీ చుట్టని ఇల్లు ఏదో ఆ ఇంటి పేరు చెప్పడం తేలిక. హిందూ, ముసల్మాన్ ఫరక్ లేదు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. దినానికి వెయ్యి బీడీల లెక్క. ఫుప్పీ యాభై ఏండ్లు చుట్టింది. అరుగు మీద నలుగురైదుగురు కూడి చుట్టేటప్పుడు ఒకామె తెలుగులో ఎత్తుకునేది, ఫుప్పీ దఖ్నీలో అందుకునేది. మొహర్రం దగ్గరికొస్తే పీర్ల పాటలు, అలావా చుట్టూ తెలుగోళ్లు పాడేవి, హసన్ హుసేన్ల కథలు. నేను శ్రద్ధగా విన్నంక తెలిసింది, ఆ పాటలో ఒక చిన్న ఆగుడు ఉంటది. ఆకు చుట్టడం అయి, దారం వేసి ముడి బిగించే క్షణం. అక్కడ ఊపిరి తీసుకుంటది. అమెరికా జైలు ఖైదీలు గొడ్డలి దెబ్బ పడే జాగాలో పాట ఆపేవాళ్లు. ఫుప్పీ పాటకు బీడీ దారమే తాళం.

రెండేండ్ల కింద ఈద్ తర్వాత ఎల్లారెడ్డి పోయిన. జేబులో ఫోన్, దిల్‌లో లోమాక్స్. చాయ్ తాగినంక మెల్లగ అన్న, ‘ఫుప్పమ్మా, నీ పాటలు ఈ ఫోన్‌లో పెట్టుకుంట. నువ్వు పాడు.’

ఫుప్పీ నా దిక్కు గాక ఫోన్ దిక్కు చూసింది.

‘నక్కో బాబా,’ అన్నది. ‘మేరీ ఆవాజ్ పరాయే మర్దాఁ కే జేబాఁ మే ఫిర్తీ రహనా క్యా?’

నా గొంతు పరాయి మగాళ్ల జేబుల్లో తిరగాల్నా అని. దానికి నా దగ్గర జవాబు లేదు. పక్కనున్న ఆమె కొడుకు ఇంకోమాటన్నడు. ‘భాయ్, ఈ గానా బజానా అంతా జహాలత్ జమానా సంగతి. అమ్మను ఇప్పుడెందుకు గుంజుతవ్?’ అతను మంచోడు, అమ్మను కంటికి రెప్పలాగ చూసుకుంటడు. దీన్ మసలాల్లో ఫత్వా చెప్పే హైసియత్ నాకు లేదు, అది ఆలిమ్‌ల పని. పెండ్లికి దఫ్ మోగించి ఏలాన్ చేసే ఇజాజత్ సంగతి అందరం విన్నదే. ఈద్ రోజు హజ్రత్ ఆయిషా ఇంట్లో పాడిన అమ్మాయిల హదీసూ విన్నదే. అతనికీ తెలుసు. నేను అన్నది ఒక్కటే. ‘పోయినేడు మన షాదీలో లోపల ఢోలక్ వద్దన్నరు, సరే. బయట డీజే పెట్టి నడిరాత్రి దాకా ఆడిన్రు గదా. జహాలత్ ఏది తమ్మీ?’ అతను నవ్విండు. ఫుప్పీ కూడా నవ్వింది. అయినా ఫోన్ మాత్రం లోపల పెట్టుకోమన్నది.

తిరుగుప్రయాణంలో లింగంపేట దాకా బస్సుల ఇదే సోచాయించిన. మాలిలో 2012లో తుపాకులు పట్టినవాళ్లు ఉత్తర దిక్కును ఆక్రమించి సంగీతం మీద పాబందీ పెట్టిన్రు. నమాజు చదివే గాయకులే ఇల్లు విడిచి పారిపోవాల్సి వచ్చింది. అది బలవంతం. ఫుప్పీది బలవంతం కాదు. తన గొంతు ఎక్కడ తిరగాల్నో తాను నిర్ణయించుకున్నది. ఎలిజబెత్ కాటెన్‌ను మానెయ్యమన్నది వేరేవాళ్లు. ఫుప్పీ మానెయ్యలేదు, ఇప్పటికీ పాడుతున్నది. మిషన్‌కు ఇయ్యనన్నది, అంతే. ఈ రెండు సంగతులను ఒకే గాటన కట్టడం ఇన్సాఫ్ కాదు.

మరుసటి నెల నా బిడ్డను వెంట తీసుకపోయిన. ఇంటర్ చదువుతున్నది. చెవుల్లో ఎప్పుడూ తీగలుంటయ్. టినారివెన్ అనే సహారా ఎడారి బృందాన్ని నాకు వినిపించింది తనే. వాళ్ల నాయకుడు ఇబ్రహీమ్ చిన్నప్పుడు డబ్బా, కట్టె, సైకిల్ బ్రేకు తీగతో గిటార్ చేసుకున్నడట. అవే ఒంటె నడక తాళాలు. ఫుప్పీ ముందు కూర్చుని తను ఫోన్ తియ్యలేదు. ‘దాదీమా, నాకు నేర్పిస్తవా?’ అన్నది.

ఫుప్పీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి ఢోలక్ తెచ్చింది. ఒక పక్క తోలు వదులయింది. దాన్ని ఎండలో పెట్టింది. ‘ఎండుదాక కూర్చో,’ అన్నది.

అప్పటినుంచి నెలకు రెండు ఆదివారాలు కామారెడ్డి బస్టాండ్ నుంచి ఎల్లారెడ్డి పోతున్నం. కోరా వాయిద్యకారుడు తుమానీ జబాతే తన ఖాన్‌దాన్‌లో డెబ్భై ఒక్క తరాలుగా ఇదే విద్య అని చెప్పుకునేవాడు. అలీ ఫర్కాతో కలిసి చేసిన ఆల్బమ్ ఉంది, తప్పక వినండి. అన్ని తరాలు ఏ మిషన్ లేకుండనే నడిచినయ్. ఒక మనిషి ముందు ఇంకో మనిషి కూర్చున్నడు, అంతే. లోమాక్స్ చేసిన ఖిద్మత్ చిన్నది కాదు, ఆయన లేకపోతే మడ్డీ వాటర్స్ నాకు తెల్వకపోవు. కానీ రికార్డులో ఉన్న పాట మళ్లీ మళ్లీ అదే తీరుగ వినపడతది. నా బిడ్డ నోట్లో పాట ఇప్పటికే కొంచెం మారింది. ఒక చోట ఫుప్పీ సర్దింది, ఇంకో చోట ‘ఇదీ బాగనే ఉంది’ అని వదిలేసింది.

కనుక ఏం వినాలి అని అడిగే పిల్లలకు నా జవాబు ఇది. అలీ ఫర్కా టూరేతో మొదలుపెట్టండి, ఆయన మీకు అజ్‌నబీ అనిపించడు. జాన్ హర్ట్‌ను రాత్రి పూట, ఎలిజబెత్ కాటెన్‌ను వంట చేసేటప్పుడు వినండి. నాజర్‌ను కూర్చుని వినండి, మధ్యల లేవొద్దు. మొగులయ్య కిన్నెర వినండి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సకిని రామచంద్రయ్య కోయ బాసలో సమ్మక్క సారలమ్మల కథ పాడిన గొంతు వినండి. ఆయన 2024లో వెళ్లిపోయిన్రు. హైదరాబాద్ పోతే పెండ్లిళ్లల్ల మర్ఫా మోగితే ఆగి వినండి, హబ్షీలు, హద్రమీ అరబ్బులు మనకిచ్చిన తోఫా అది. రమ్‌జాన్ రాత్రుల్లో సహ్రీకి దఫ్ కొట్టుకుంట లేపే ఫకీర్ మీ గల్లీకి ఇంకా వస్తుంటే, అలారం బంద్ చేసి తలుపు తియ్యండి. చేతిలో పది రూపాయలు కాదు, ఒక మాట కూడా పెట్టండి.

ఇవన్నీ విన్నంక మీ చెవి తయారయితది. అప్పుడు మీ ఇంట్లో నానీ, దాదీ, ఖాలా, ఫుప్పీ పని చేసుకుంట లోపల్లోపల అనుకునేది మీకు వినపడతది. ఫోన్ తీసే ముందు ఇజాజత్ అడగండి. ఇస్తే పెట్టుకోండి. ఇయ్యకపోతే ఫోన్ జేబులో పెట్టి ముందు కూర్చోండి.

నా బిడ్డకు ఇప్పటికి పదకొండు పాటలు వచ్చినయ్. మాంఝేవి నాలుగు, చక్కీవి అయిదు, బీడీలవి రెండు. లోరీ మాత్రం ఫుప్పీ ఇయ్యలేదు. జోలపాట ఒళ్లో బిడ్డ లేకుండ నోటికి రాదట. ‘నీకు పిల్లలు పుట్టినప్పుడు వస్త, అప్పుడు నేర్పిస్త’ అన్నది. నా బిడ్డకు పదిహేడు. ఫుప్పీకి డెబ్భై ఎనిమిది. ఈ లెక్క మా ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనుకోము.

ఈ ఆదివారం కూడా ఎల్లారెడ్డి పోతున్నం. పక్కింట్లో నెలల పిల్లగాడున్నడని, వాణ్ణి ఓ గంట తెచ్చి ఒళ్లో పెడితే ఏమన్న అంటదా చూద్దామని నా బిడ్డ అంటున్నది.